మా ఆయనకు వచ్చిన వరం

దేవుడు ఆఫీసు టైమింగ్స్ పాటిస్తాడా అన్న అనుమానం నాకు మా ఇంటి హాల్లోనే, అదీ ప్రార్థన మధ్యలో వచ్చింది. వేళాకోళానికి అనడం లేదు. ఆ అనుమానం వచ్చాక పాట మధ్యలోనే ఆపేశాను. పక్కన కూర్చున్న ఆమె ఏమైందని సైగ చేసింది. ఏం లేదన్నాను.

మాది హఫీజ్‌పేట్ స్టేషన్‌కి దగ్గర్లో మూడో అంతస్తు ఫ్లాటు. ప్రతి శనివారం సాయంత్రం మా ఇంట్లో ప్రార్థన కూడిక జరిగేది. సోఫాని బాల్కనీలోకి నెట్టి చాపలు పరిచేవాళ్ళం. కాసేపు పాటలు, ఆ తర్వాత ఒక్కొక్కరే లేచి తమ బతుకులో జరిగింది చెప్పుకునే సాక్ష్యాలు, పాస్టరు గారి వాక్యం, చివర్లో టీ బిస్కెట్లు. వచ్చేవాళ్ళు పదిమందికి మించేవాళ్ళు కాదు. అలాంటిది ఒక్క ఏడాదిలో చెప్పులు మా గుమ్మం దాటి, మెట్లు దాటి, కింద ఫ్లాటువాళ్ళ తలుపు దాకా వెళ్ళాయి. కారణం మా ఆయన. ఆయనకు వరం వచ్చింది.

మా సంఘాల్లో వరం అంటే ఏమిటో తెలియనివాళ్ళకి చెప్పాలి. ఎదుటి మనిషి నోరు విప్పకముందే అతని కష్టం ఏమిటో ప్రభువు ఎవరో ఒక విశ్వాసికి చూపిస్తాడని మా నమ్మకం. అలా చూసినవాడు ఆ మనిషి తల మీద చెయ్యి పెట్టి, ఇదీ నీ బాధ అని చెప్పి, ప్రార్థన చేస్తాడు. గుంటూరు దగ్గర మా ఊళ్ళో అలాంటి పెద్దాయన ఒకాయన ఉండేవాడు. ఆయన ఎదురొస్తున్నాడంటే పిల్లలమంతా గోడచాటుకి పరుగెత్తేవాళ్ళం, మేం కోసుకొచ్చిన దొంగ మామిడికాయలు కూడా కనిపించేస్తాయేమోనని. ఆ వరాన్ని నేను ఇప్పటికీ నమ్ముతాను. నమ్మకపోతే ఇంత బాధ ఉండేది కాదు.

మా ఆయన వరం మొట్టమొదట ఒక అమ్మాయి మీద దిగింది. గచ్చిబౌలిలో ఆయన కంపెనీలోనే పని చేసేది. సంగారెడ్డి దగ్గర పల్లె నుంచి వచ్చి హాస్టల్లో ఉండేది. ఆఫీసులో విశ్వాసులు కొందరు లంచ్ టైంలో ఒక మీటింగ్ రూమ్ పట్టుకుని ప్రార్థన చేసుకునేవాళ్ళు. ఒకరోజు ఆ ప్రార్థనలో మా ఆయన కళ్ళు మూసుకుని, "నాన్న గారి గురించి దిగులు పడకమ్మా. ఆ స్కాన్‌లో కనిపించింది ప్రమాదం కాదు" అన్నాడట. ఆ అమ్మాయి తండ్రి స్కాన్ సంగతి ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. ఉన్నచోటనే మోకాళ్ళ మీద కూలబడి ఏడ్చేసిందట. తర్వాత తండ్రికి నిజంగానే నయమైంది. ఇక చూడండి! ఆ శనివారమే మా ఇంటికొచ్చి, నా రెండు చేతులూ పట్టుకుని, "అక్కా, అన్నతోని దేవుడు మాట్లాడతడు. మీరు మస్తు అదృష్టవంతులు" అంది.

నాకు మాత్రం సంతోషం కాదూ? ప్రార్థనకి కూర్చుంటే మధ్యలో ఫోన్ చూసుకునే మనిషికి ప్రభువు దర్శనాలిస్తున్నాడంటే ఏ పెళ్ళాం పొంగిపోదు! జనం పెరిగారు. ఆయన ఆఫీసువాళ్ళు, వాళ్ళ అమ్మానాన్నలు, అత్తమామలు. ఒకాయనకి మోకాలి నొప్పి సంగతి, ఒకావిడకి మేనేజరు పెట్టే బాధ సంగతి, ఇంకొకతనికి భార్య పుట్టింటికి వెళ్ళిపోయిన సంగతి, మా ఆయన కళ్ళు మూసుకుని చెప్పేవాడు. చెప్పిన ప్రతిసారీ హాలంతా స్తోత్రం, స్తోత్రం అని మోగిపోయేది. పాస్టరు గారు సైతం తన వాక్యం కుదించుకుని ఈయనకి సమయం ఇచ్చేవారు. లోకల్ రైలు వెళ్తుంటే మా కిటికీ అద్దాలు గడగడలాడతాయి. ఆ రోజుల్లో ఆ శబ్దం కూడా ఎవరికీ వినిపించేది కాదు.

నేను కోకాపేటలో ఒక కంపెనీలో టెస్టర్‌ని. సాఫ్ట్‌వేర్ ఎక్కడ తప్పుతుందో వెతికిపెట్టడం నా ఉద్యోగం. ఒక పని పదిసార్లు సరిగ్గా జరిగితే నా బోటివాళ్ళు చప్పట్లు కొట్టరు. ఎప్పుడు జరగట్లేదో చూస్తారు. ఇంట్లో ఈ బుద్ధి వద్దు మొర్రో అని మా ఆయన మొత్తుకునేవాడు కానీ, పుట్టుకతో వచ్చింది పుడకలతో గానీ పోదు.

మా టీమ్‌లో ఒకామె ఉంది. కడుపు పోయి ఎవరికీ చెప్పుకోలేక లోపల్లోపల కుమిలిపోతోంది. నాకొక్కదానికే చెప్పింది. మా వాళ్ళ మతం కాకపోయినా, "మీ ఇంట్లో ప్రార్థన చేస్తారటగా, వస్తాను" అని తనే అడిగింది. తీసుకొచ్చి ముందు వరసలో కూర్చోబెట్టాను. మా ఆయన ఆమె తల మీద చెయ్యి పెట్టాడు. నేను ఆయన పెదవుల వైపే చూస్తున్నాను. "నీ కన్నీళ్ళు ప్రభువు చూశాడమ్మా. మంచి రోజులొస్తాయి" అన్నాడు. అంతే. ఆ మాట ఎవరైనా అంటారు, చిలక జోస్యం వాడైనా అంటాడు. ఆమె పక్కనే ఆయన ఆఫీసు కుర్రవాడు కూర్చున్నాడు. అతని తల మీద చెయ్యి పెట్టగానే, వైజాగ్‌లో వాళ్ళన్నతో నడుస్తున్న స్థలం గొడవ, వకీలు అన్న మాటతో సహా వచ్చేసింది.

అదిగో, అప్పుడే నాకు ఆఫీసు టైమింగ్స్ సంగతి తట్టింది. వెనక్కి తిరిగి ఒక్కొక్కటే తలుచుకున్నాను. ఆయన కంపెనీలో లేనివాళ్ళ గురించి ప్రభువు ఇంతవరకూ ఒక్క ముక్కా చూపించలేదు. మా ఆయన జ్వరంతో సెలవు పెట్టిన వారం ఎవరి గురించీ ఏమీ చూపించలేదు. ఈయన ఉద్యోగం ఏమిటో అప్పుడు గుర్తొచ్చింది. కంపెనీ ల్యాప్‌టాప్‌ల మీద ఎవరేం చేస్తున్నారో, ఫైళ్ళు బయటికి పంపుతున్నారేమో కనిపెట్టే టీమ్‌లో పని చేస్తాడు. ఎవరి స్క్రీన్ మీద ఏముందో తన సీట్లో కూర్చుని తెరిచి చూడగలడు. ఆఫీసు ల్యాప్‌టాప్‌లోనే వాట్సాప్ తెరుచుకుని ఇంటి కష్టసుఖాలు రాసుకోని ఉద్యోగి ఈ ఊళ్ళో ఎవరున్నారు?

కళ్ళు మూసుకుని పాలు తాగే పిల్లి నా పక్కలో పడుకుంటోందన్నమాట. సోమవారం ఆఫీసులో పక్క సీటు అమ్మాయిని అడిగి బొట్టు స్టిక్కర్ ఒకటి తీసుకుని నా ల్యాప్‌టాప్ కెమెరా మీద అంటించాను. నొసట ఎన్నడూ బొట్టు పెట్టుకోనిదాన్ని, కంప్యూటర్‌కి పెట్టాను. అది వేరే కంపెనీ ల్యాప్‌టాప్, ఆయన చెయ్యి అందులోకి రాదని తెలుసు. అయినా పెట్టాను. కట్టుకున్నవాడి కంటికి భయపడటం ఎంత దరిద్రమో అనుభవిస్తే గానీ తెలియదు.

ఇంకా ఆయన్ని అడగలేదు. తప్పు పట్టుకోవాలంటే ఇంకొక్కసారి చూడాలనుకున్నాను. అంతలో ఆ శనివారం సంగారెడ్డి అమ్మాయి లేచి నిలబడింది.

ఆమెకి ప్రధానం అయిపోయింది, ఉంగరాలు కూడా మార్చుకున్నారు. అబ్బాయి విశ్వాసుల ఇంటివాడే, నెమ్మదైనవాడు. ఒకసారి మా ఇంటికి కూడా తీసుకొచ్చింది, చాప మీద కూర్చోవడం చేతగాక కాళ్ళు ఎటు పెట్టుకోవాలో తెలియక నవ్వించాడు. పెళ్ళికి చర్చి మాట్లాడుకున్నారు. "అన్నా, పెళ్ళి దగ్గరికొచ్చింది. మనసు గాబరాగుంది. ఈ సంబంధం దేవుని చిత్తమేనా కాదా, జర ప్రార్థన చేసి చెప్తరా? మీరు ఏది చెప్తే గదే చేస్త" అంది.

మాలో దేవుని చిత్తం అంటే ఆషామాషీ మాట కాదు. సంబంధం బాగున్నా, కట్నం కుదిరినా, దేవుని చిత్తం కాదంటే ఆగిపోవాల్సిందే. ఎందుకు అని అవతలివాళ్ళు కూడా అడగరు. మా ఆయన తల పంకించి, "ఒక వారం టైమివ్వమ్మా. కనిపెట్టి చెప్తాను" అన్నాడు. మా భాషలో కనిపెట్టడం అంటే ప్రభువు కోసం మౌనంగా ఎదురుచూడడం. ఆ వారంలో ఆయన ఏం కనిపెడతాడో, ఏ స్క్రీన్ ముందు కూర్చుని కనిపెడతాడో తలుచుకుంటే నాకు అన్నం సయించలేదు.

బుధవారం సాయంత్రం వాన. మా ఆయన కోకాపేటలో నన్ను కారులో ఎక్కించుకుని గచ్చిబౌలి ఫ్లైఓవర్ మీదికి వచ్చేసరికి బండ్లన్నీ ఆగిపోయాయి. ఎటూ దిగి పారిపోలేని చోటు. ఇదే సమయం అనుకున్నాను.

"ఏమండీ, మీ కంపెనీ జీతం తీసుకోనివాళ్ళ మీద ప్రభువుకి ఎందుకంత చిన్నచూపు?"

దొంగకు తేలు కుట్టినట్టు ఉండిపోయాడు. వైపర్లు అటూ ఇటూ కొట్టుకుంటున్నాయి.

"ఆ పిల్ల మెసేజ్‌లు చదువుతున్నారా లేదా? సూటిగా చెప్పండి."

"సాతాను నన్ను శోధించాడే, ఆశ పెట్టి లాగాడు" అన్నాడు.

నా ఒళ్ళు మండిపోయింది. ఏడుపొచ్చినా బాగుండేది, నవ్వొచ్చింది. సాతానట! ఆయన చెప్పుకొచ్చాడు. మొదటిసారి నిజంగానే పని మీద చూశాడట. ఆ అమ్మాయి తండ్రి స్కాన్ రిపోర్టు ఆఫీసు ల్యాప్‌టాప్‌లోంచి బయటికి పంపితే హెచ్చరిక వచ్చింది, తెరిచాడు, ప్రమాదం లేదని డాక్టరు రాసింది చదివాడు, మూసేశాడు. మధ్యాహ్నం ప్రార్థనలో ఆమె మొహం చూస్తే జాలేసి మాట జారింది. "ప్రభువు చూపించాడని నేననలేదు. వాళ్ళే అనుకున్నారు. నేను కాదనలేదు, అంతే."

"అంతేనా? తర్వాతి వాళ్ళవి కూడా వాళ్ళే మీ ముందు తెరిచి పెట్టారా?"

"ప్రతిసారీ చూడకూడదనే అనుకునేవాణ్ణి, చూసేవాణ్ణి. చూశాక చెప్పకూడదనుకునేవాణ్ణి. ఎదురుగా వచ్చి కూర్చునేవాళ్ళు. అసలు నన్ను ఆ ఉద్యోగంలో పెట్టింది ఎవరు? దేవుడే కదా! ఆయన పెట్టకపోతే నాకీ శోధన ఎక్కడిది?"

"బాగుంది. సాతాను అయిపోయాడు, ఇప్పుడు దేవుడి వంతా?"

"నువ్వు మాత్రం? దైవజనుడి భార్య, దైవజనుడి భార్య అని వాళ్ళంటుంటే నీ మొహం మతాబులా వెలిగిపోయేది కాదూ?"

బైబిల్లో, దేవుడి తోటలో మొదటి మగవాడు చెప్పుకున్న సాకు ఇదే. పండు తిన్నది తను, వేలు చూపించింది పెళ్ళాం వైపు. ఇన్ని యుగాలైనా మగవాళ్ళకి కొత్త సాకు దొరకలేదు. అయినా ఆ మాట నాకు గుచ్చుకుంది. "నిజమే, వెలిగింది. దానికి జవాబు నేను చెప్పుకుంటాను. మీదానికి మీరు చెప్పుకోండి" అన్నాను. వాక్యం ఏం చెబుతుందో ఆయనకి తెలియదా? దేవుడు ఎవరినీ కీడుకి ఈడ్చడని, మనిషిని ఈడ్చేది మనిషి లోపలి ఆశేనని ఎన్ని ఆదివారాలు వినలేదు! ఎర ఎవరు వేస్తేనేం, నోరు తెరిచేది చేపే. సాతాను లేడని నేననను. ఉన్నాడు. వాడు మహా అయితే తలుపు దాకా వస్తాడు. గడియ లోపలుంటుంది.

హారన్లు మోగుతున్నా ఆయన బండి కదిలించలేదు. స్టీరింగ్ మీద తల ఆనించి, "శనివారం అందరి ముందూ నేనే ఒప్పుకుంటాను. ఇక చూడను" అన్నాడు.

"ఆ అమ్మాయి పెళ్ళి గురించి దేవుడి పేరు మీద ఒక్క మాట కూడా చెప్పకూడదు. సరేనా?"

"సరే."

మేం ఒట్లు పెట్టుకోం. అవునంటే అవును, కాదంటే కాదు. ఆయన సరే అన్నాడు, నేను నమ్మాను.

గురువారం రాత్రి నుంచి మనిషి తేలికపడ్డాడు. స్నానాల గదిలో పాటలు పాడుకున్నాడు. పప్పులో ఉప్పు ఎక్కువైతే ఏమీ అనలేదు. ఒప్పుకోబోతున్నాడు కాబట్టి భారం దిగిందేమోనని నన్ను నేను సముదాయించుకున్నాను. కానీ శిక్ష ముందున్న మనిషి ఇంత హాయిగా ఉంటాడా? శుక్రవారం ఉపవాసం ఉండి, ఆ అమ్మాయికి రెండుసార్లు ఫోన్ చేశాను, రేపు కాస్త ముందే రమ్మని చెబుదామని. ఎత్తలేదు. సాయంత్రం ఇంకోసారి చేస్తే స్విచాఫ్ వచ్చింది.

శనివారం హాలు నిండిపోయింది. ఆ అమ్మాయి ఆలస్యంగా వచ్చి గోడవారగా కూర్చుంది. ముందు వరసకి రమ్మంటే తల అడ్డంగా ఊపింది. మొహం పీక్కుపోయి ఉంది. మా ఆయన ఆమె వైపు చూడలేదు. సాక్ష్యాల సమయం రాగానే లేచి నిలబడ్డాడు. పారిపోకు తండ్రీ, పారిపోకు అని మనసులో ఆయన్ని బతిమాలుకుంటున్నాను.

"సాతాను నన్ను బలంగా శోధించాడు. నేను పడిపోయాను. నా ఉద్యోగం ద్వారా వాడు నాకు కొన్ని విషయాలు చూపించాడు. అవి ప్రభువు చూపించినట్టుగా మీకు తెలియజేయబడ్డాయి. నా కోసం ప్రార్థించండి" అన్నాడు.

తెలియజేయబడ్డాయట! ఎవరు తెలియజేశారో ఆ వాక్యంలో లేడు. కానీ హాలుకి అదే చాలు. స్తోత్రం అన్నారు. అయ్యో అన్నారు. దైవజనుల మీదే కదా వాడి కన్ను అని ఒకావిడ కళ్ళొత్తుకుంది. పాస్టరు గారు నుదుట రాసి ప్రార్థించడానికి నూనె బుడ్డి తెమ్మని చెయ్యి చాపి, "దురాత్మ దాడి అండి ఇది. వరం ఉన్నచోటే యుద్ధం ఉంటుంది. అందరూ చేతులు చాపండి, వెళ్ళగొడదాం" అన్నారు. జనమంతా చేతులు చాపారు. మా ఆయన తల వంచాడు. ఆ వంచడంలో ఎంత సుఖం ఉందో నాకు కనిపించింది. ఇంకో నిమిషంలో నూనె రాస్తారు, పాపం సాతాను ఖాతాలో పడిపోతుంది, వచ్చే శనివారం మళ్ళీ చెప్పులు మెట్ల మీదికి వస్తాయి.

"ఆగండి పాస్టరు గారూ. సాతానుకి వీళ్ళ కంపెనీ పాస్‌వర్డ్ లేదండి. ఈయనకుంది. మీ అందరి మెసేజ్‌లూ ఈయన తన సీట్లో కూర్చుని, తన కళ్ళతో చదివాడు. వెళ్ళగొట్టడానికి ఇక్కడ ఎవరూ లేరు" అన్నాను.

చాపిన చేతులు అలాగే ఉండిపోయాయి. "ఏంది, చెల్లె, ఏం మాట్లాడుతున్నవ్? నీకేమన్న పట్టిందా?" అని వెనక నుంచి ఎవరో అన్నారు. అమ్మా, నువ్వు కూర్చో తల్లీ అని పాస్టరు గారు నాకే నూనె రాయబోయారు. అప్పుడు గోడవారనున్న అమ్మాయి లేచింది.

"అన్నా, నా చాట్‌లు చదివిన్రా?"

ఆయన పాస్టరు గారి వైపు చూశాడు.

"ఎవరు చదివిన్రు? సాతానా, మీరా?"

"నేనే" అన్నాడు. సాతాను మాట మళ్ళీ ఎత్తలేదు. "నేనే చదివానమ్మా. చదవాలనిపించి చదివాను."

"మరి గురువారం పొద్దుగాల్ల ఫోన్ చేసి, ఈ సంబంధం వద్దంటున్నడు ప్రభువు అని చెప్తిరి గదా. అది?"

నేను మా ఆయన వైపు తిరిగాను. గురువారం. బుధవారం నాకు సరే అన్న మర్నాడు. "ఆ ఒక్కటి చెప్పేసి మానేద్దామనుకున్నా" అన్నాడు, నాతోనో ఆమెతోనో తెలియదు. "అతనితో నీకు సుఖం లేదని, నీకసలు ఈ పెళ్ళే వద్దని నువ్వే రాశావమ్మా నీ ఫ్రెండ్‌కి. నీకు మంచే చేస్తున్నాననుకున్నా."

ఆ అమ్మాయి ఏడవలేదు. ఏడిస్తే బాగుండునని నాకనిపించింది.

"అది కోపంల రాసిన. ఇద్దరం కొట్లాడినం ఆ దినం. ఆ రాత్రే ఆయనకు ఫోన్ చేసి ఏడ్చిన, మాఫ్ చెయ్యి అన్న, నిన్నే చేసుకుంట అన్న. ఫోన్ల మాట్లాడింది మీకు కనిపియ్యలే గదా అన్నా?"

"నేను వెళ్ళి వాళ్ళతో మాట్లాడతానమ్మా. ఇప్పుడే వెళ్తాను. కాళ్ళు పట్టుకుంటాను."

"నిన్న మా నాయిన పోయి వాళ్ళ ఉంగరం వాళ్ళకు ఇచ్చొచ్చిండు. దేవుని చిత్తం కాదని చెప్పి ఇచ్చిండు. వాళ్ళమ్మ మారుమాట అనలే, దేవుడు వద్దంటే మేమేం చేస్తమమ్మా అన్నదంట. ఆయన కూడ ఏమనలే." ఉంగరం లేని వేలు తడుముకుంది. "ఇప్పుడు మీరు పోయి, దేవుడు అనలేదు, నేనే అన్న అంటే, వాళ్ళు ఎవరి మాట నమ్మాలె అన్నా?"